తెల్లని మంచు, నల్లని ఫోటో

మంచు తెల్లగా ఉంటుందన్న సంగతి మీకు తెలుసు, నాకు తెలుసు, బొమ్మల పుస్తకం చూసే చంటివాడికీ తెలుసు. తెలియనిది ఒక్క కెమేరాకే. ఈ చిన్న ముక్క నాకు బోధపడడానికి 35 ఏళ్ళు పట్టింది. మొదటి పాఠం 1989 జూన్‌లో రోహ్తాంగ్ కనుమ మీద జరిగింది. రెండవది 2024 మార్చిలో, ఆ కనుమకు అవతల ఉన్న లాహుల్ లోయలో జరిగింది. రెంటికీ మధ్య మా నాన్నగారు వెళ్ళిపోయారు. ఆయన కథ చెప్పకుండా ఫోటోల కథ చెప్పడం నాకు చేతకాదు.

మా నాన్నగారు తెనాలిలో జాగ్రఫీ మేష్టారు. ఇరవై ఏళ్ళకు పైగా నల్లబల్ల మీద హిమాలయాలు గీశారు. సింధునది మలుపు దగ్గర సుద్దముక్క పెట్టారంటే, బ్రహ్మపుత్ర మలుపు దాకా చెయ్యి ఎత్తకుండా ఒక్క ఊపులో గీసేవారు. కొండల నెత్తిన మంచు వేయడానికి సుద్దను అడ్డంగా పట్టి రుద్దేవారు. అయితే ఆయన అంతవరకూ ఎక్కిన పెద్ద కొండ తిరుపతి కొండ. నలభైతొమ్మిదో ఏట ఏమనిపించిందో గాని, ప్రావిడెంటు ఫండులో అప్పు తీసి, అమ్మనూ నన్నూ వెంటబెట్టుకుని మనాలి బయలుదేరారు. అప్పు సంగతి అమ్మకు ఇంటికి తిరిగి వచ్చాక గాని తెలియలేదు. తెలిశాక ఏం జరిగిందన్నది ఇక్కడ అప్రస్తుతం.

మస్కట్‌లో ఉన్న మా మేనమామ ఇచ్చిన యాషికా ఎలక్ట్రో 35 కెమేరా మా వెంట ఉంది. వెలుతురును అదే కొలుచుకుంటుంది. చాలకపోతే పసుపుపచ్చ దీపం వెలుగుతుంది, మరీ ఎక్కువైతే ఎర్ర దీపం వెలుగుతుంది. లెన్సు చుట్టూ ఉన్న కట్టు తిప్పి ఎర్ర దీపం ఆర్పేసి మీట నొక్కితే సరి. ముప్ఫయ్యారు ఫోటోల రీలు. అందులో ముప్ఫయ్యయిదు నాన్నగారే తీశారు: అమ్మవి, నావి, యాక్‌వి, బస్సువి, బియాస్ నదివి. ఆయన మాత్రం ఏ ఒక్కదానిలోనూ లేరు. కెమేరా ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు ఫోటోలో ఉండరన్నది పాత సంగతే. 1953 మే 29న ఎవరెస్టు శిఖరం మీద టెన్సింగ్ నిలబడ్డ ఫోటో లోకమంతా చూసింది. తీసిన హిల్లరీ శిఖరం మీద నిలబడ్డ ఫోటో మాత్రం లేదు.

రోహ్తాంగ్ ఎత్తు 3,978 మీటర్లు. జూన్ నెలలో కూడా రోడ్డుకు రెండు పక్కలా మంచు గోడల్లా నిలబడి ఉంది. నాన్నగారు కోతిటోపీ, అద్దెకోటు వేసుకుని, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఎడమ భుజం కొంచెం వాల్చి, సరిగ్గా క్లాసులో నిలబడ్డట్టే నిలబడ్డారు. "ఈ ఒక్కటీ నువ్వు తియ్యరా, పిల్లలకు చూపించాలి" అన్నారు. పిల్లలంటే ఇక్కడ మేము కాదు, ఆయన తొమ్మిదో తరగతి. ఎండ ఆయన వెనక నుంచి వస్తోంది. కెమేరాలో ఎర్ర దీపం భగ్గుమంది. కట్టు తిప్పాను. ఆరలేదు. ఇంకా తిప్పాను. చివరి అంకె 16 దాకా వెళ్ళాక ఆరింది. నాకు పందొమ్మిదేళ్ళు, యంత్రం మీద అపారమైన గౌరవం. నొక్కాను.

ఊరు చేరాక రీలు కడిగించి ప్రింట్లు తెప్పించాము. ఆ ఒక్క ఫోటోలో ఆకాశం మసక నీలం. మంచు విభూది రంగు. మధ్యలో కోతిటోపీ పెట్టుకున్న నల్లటి ఆకారం. కళ్ళు లేవు, ముక్కు లేదు, నోరు లేదు. నాన్నగారు చాలాసేపు చూసి, "ఫరవాలేదులే, వెనక కొండ బాగానే పడింది" అన్నారు. మర్నాడు జేబులో పెట్టుకుని బడికి పట్టుకెళ్ళారు కూడా. సాయంత్రం వచ్చి నవ్వుతూ చెప్పారు. మొదటి బెంచీ కుర్రవాడెవడో లేచి, "మంచు బూడిదరంగులో ఉంటుందాండీ, మేష్టారూ?" అని అడిగాడట. ఆయన నవ్వారు గాని నాకు నవ్వు రాలేదు.

1993లో ఆయన పోయారు. గోడకు తగిలించడానికి పటం కావాలని ఆ నెగిటివ్ పట్టుకుని స్టూడియోకు వెళ్ళాను. అతను దాన్ని దీపానికి అడ్డంగా పట్టి, "బాబూ, ముఖం ఉండవలసిన చోట రీలు అద్దంలా ఉంది. పడితే కదా, నేను తీసేది?" అన్నాడు. చివరకు బడిలో తీసిన గ్రూపు ఫోటోలోంచి ముఖం కత్తిరించి పెద్దది చేయించాము. గోడ మీద ఉన్నది అదే. రోహ్తాంగ్ ఫోటో మాత్రం అమ్మ తన పెట్టెలో, పట్టుచీరల అడుగున దాచుకుంది. "అందులో ఏముందమ్మా, నలుపు తప్ప?" అని నేను ఒకసారి అంటే, "ఆ నిలబడడం చూస్తే తెలియటం లేదుట్రా, ఆయనే" అంది.

2023 చివర అమ్మ ఉన్నట్టుండి మళ్ళీ మంచు చూడాలంది. అప్పటికి ఆవిడకు డెబ్భయ్యారేళ్ళు. డాక్టరుగారు పరీక్షలు చేసి, నెమ్మదిగా వెళ్ళండి, మనాలిలో రెండు రోజులు అలవాటు పడ్డాకే పైకి వెళ్ళండి అన్నారు. మా శ్రీమతి స్వెట్టర్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నేను చదవడం మొదలుపెట్టాను. ఈసారి కూడా ముఖం నల్లగా వస్తే మళ్ళీ ఇంకొక 35 ఏళ్ళు ఆగడానికి వీలులేదు కదా!

చదివితే తేలిందేమిటంటే, కెమేరాలో వెలుతురు కొలిచే యంత్రం మా ఆఫీసులో పాతకాలపు గుమాస్తా వంటిది. ఏ కాగితం ముందు పెట్టినా దానికి తెలిసిన జవాబు ఒక్కటే. లోకంలో ఏ దృశ్యమైనా సగటున మధ్యరకం బూడిదరంగులో ఉంటుందనీ, తన మీద పడ్డ వెలుతురులో సుమారు 18 శాతం తిప్పి పంపుతుందనీ అది నమ్ముతుంది. చెట్లు, ఇళ్ళు, మనుషులు, రోడ్లు కలిసి ఉన్న మన ఊళ్ళలో ఆ నమ్మకం చాలావరకు నిజమే. కాని కొత్తగా కురిసిన మంచు తన మీద పడ్డ వెలుతురులో 80 నుంచి 90 శాతం తిప్పి పంపుతుంది. గుమాస్తా గాభరాపడతాడు. ఇంత వెలుతురు ఎక్కడిది, తగ్గించు, తగ్గించు అంటాడు. తగ్గించి తగ్గించి, తెల్లటి మంచును తనకు తెలిసిన బూడిదరంగులోకి దించాక గాని ఊరుకోడు. మంచే బూడిదయితే, దాని ముందు నీడలో నిలబడ్డ ముఖం ఏమవుతుంది? బొగ్గవుతుంది. 1989లో ఆ ఎర్ర దీపం నాకు చెప్పింది ఇదే. నేను దాని మాట విన్నాను.

దీనికి మందు మన బుద్ధికి తల్లకిందులుగా ఉంటుంది. కళ్ళు చెదిరేటంత వెలుతురులో నిలబడి, కెమేరా అడిగినదానికన్నా ఎక్కువ వెలుతురు ఇవ్వాలి. ఎంత ఎక్కువ అంటే, లెక్క చిన్నపిల్లల లెక్కే. ఫోటో భాషలో ఒక మెట్టు అంటే రెట్టింపు. 18 రెట్టింపు 36, అది రెట్టింపు 72. మంచుకు దగ్గరగా వచ్చేశాము. అంటే రెండు మెట్లు. కాని పూర్తిగా రెండు మెట్లు ఎక్కితే మంచులోని గరుకు, గాలి వేసిన అలలు, అడుగుజాడలు కొట్టుకుపోయి తెల్లకాగితం మిగిలే ప్రమాదముంది. కనుక ఒకటి నుంచి ఒకటిన్నర, మరీ అయితే రెండుకు కొంచెం లోపున ఆగడం మంచిది. ఇప్పటి కెమేరాలలో కూడిక, తీసివేత గుర్తులున్న మీట ఒకటి ఉంటుంది. దాన్ని కూడిక వైపు తిప్పాలి. ఇంతే సంగతి. ఈ ఇంతే సంగతి ఎవరైనా ఆ రోజు బస్సులో చెప్పి ఉంటే!

రీలుకూ ఇప్పటి డిజిటల్ కెమేరాకూ ఒక తేడా ఉంది. నెగిటివ్ రీలు ఎక్కువ వెలుతురును ఎలాగో సర్దుకుంటుంది. తక్కువైతే మాత్రం చీకటిలో ఉన్నది దానికి పడనే పడదు. డిజిటల్‌ది ఎదురు స్వభావం. చీకటిలోంచి తరువాత కొంత బయటికి లాగవచ్చు గాని, వెలుతురు పొంగి పోయిన చోట ఏమీ మిగలదు. కాబట్టి రీలు వేసే వారు ధారాళంగానూ, డిజిటల్ వారు ఒక కన్ను వేసి ఉంచీ పెంచుకోవాలి. కెమేరా వెనక అద్దంలో బొమ్మ చూసుకుందామంటే మంచు ఎండలో అది కనిపించి చావదు. దానికి బదులు గ్రాఫు పెట్టుకోవచ్చు. కుడి చివర గోడకు కొట్టుకున్నట్టు గీత పైకి లేస్తే మంచు పోయినట్టు లెక్క.

మా అబ్బాయి ఇదంతా విని, "నాన్నా, ఇప్పుడు ఫోనులు అన్నీ అవే చూసుకుంటాయి" అన్నాడు. వాడి మాటలో చాలా నిజముంది. ఫోను మనిషి ముఖాన్ని గుర్తుపడుతుంది, నాలుగైదు ఫోటోలు కలిపి ఒకటి చేస్తుంది. మనాలి చేరిన రెండో రోజున సోలంగ్ లోయలో వాడు తీసినవి నిజానికి నావాటికన్నా బాగున్నాయి. కాని విశాలంగా మంచు ఒక్కటే ఉన్నచోట వాడి ఫోను కూడా గుమాస్తా బుద్ధే చూపింది. అప్పుడు నేను చదివినది చెప్పాను. తెర మీద ముఖాన్ని వేలితో తాకి, పక్కనే కనిపించే సూర్యుడి బొమ్మను పైకి జరపమన్నాను. జరిపాడు. మంచు తెల్లబడింది. "ఊఁ" అన్నాడు. ఈ కాలపు పిల్లల చేత ఊఁ అనిపించుకోవడం సామాన్యం కాదు.

ఈ కొండల్లో ఫోటో తీయడం ఒకప్పుడు ఎంత పెద్ద యాగమో తలుచుకుంటే మన గొడవలు గొడవలే కావు. ఇంగ్లండులో బ్యాంకు గుమాస్తాగా పనిచేసి, ఆ ఉద్యోగం వదిలి 1863లో మన దేశం వచ్చిన సామ్యూల్ బోర్న్ అనే ఫోటోగ్రాఫరు మూడుసార్లు హిమాలయాలలోకి వెళ్ళాడు. 1866లో కులూ, స్పితి ప్రాంతాల మీదుగా వెళ్ళి, సుమారు 18,600 అడుగుల ఎత్తున ఉన్న మాణిరంగ్ కనుమ మీద ఫోటోలు తీశాడు. అప్పటికి రీలు లేదు. గాజుపలక మీద కలోడియన్ అనే జిగురు మందు పోసి, వెండి ద్రావణంలో ముంచి, ఆ తడి ఆరకముందే కెమేరాలో పెట్టి తీసి, వెంటనే గుడారంలో చీకటిలో కూర్చుని కడగాలి. ఆ చలిలో! గాజుపలకలు, సీసాలు, గుడారం మోయడానికి కూలీలు బారులుగా నడిచేవారు. పైగా ఆ తడిపలకకు నీలం తప్ప మిగతా రంగులు సరిగా కనిపించవు. నీలాకాశం కూడా దానికి తెలుపే. తెల్లని మంచు, తెల్లని ఆకాశం కలిసిపోతే కొండ అంచు ఎక్కడుందో చెప్పడం కష్టం. అయినా ఆయన బొమ్మల్లో కొండలు కొండల్లాగే ఉన్నాయి. ఆయన, షెపర్డ్ కలిసి పెట్టిన స్టూడియో కలకత్తాలో 2016 దాకా నడిచింది కూడా.

మరి బోర్న్ దొరకు లేని సుఖం మాకు ఒకటి దొరికింది. మార్చిలో రోహ్తాంగ్ మంచు కింద కూరుకుపోయి ఉంటుంది. కనుమ దారి తెరవరు. కాని 2020 అక్టోబరు 3న ఆ కొండల కింద నుంచి అటల్ సొరంగం తెరిచారు. 9.02 కిలోమీటర్ల పొడవు. ఇటు బియాస్ లోయలో దూరితే అటు లాహుల్‌లో తేలతాము. మనాలి నుంచి కేలాంగ్‌కు 46 కిలోమీటర్ల దూరం తగ్గింది. అదివరకు చలికాలంలో నెలల తరబడి లోకంతో తెగిపోయే లోయ అది.

దారిలో అద్దె బట్టల దుకాణాలు వరసగా ఉన్నాయి. అక్కడ చీర మీదనే అమ్మకు ఒక నీలం కోటు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు తొడిగించారు. మా శ్రీమతి ఆ కోటు రంగు చూసి పెదవి విరిచి, తను కులూలో కొన్న ఎర్ర శాలువ తీసి అమ్మ భుజాల చుట్టూ కప్పింది. ఫోటోకు అదే కలిసి వచ్చింది. మంచులో ఎండ తగలని చోట్ల నీలమే ఉంటుంది. అక్కడికి వెలుతురిచ్చేది సూర్యుడు కాదు, నీలాకాశం. మంచు నీడలను జాగ్రత్తగా చూడండి, నీలంగా ఉంటాయి. ఆ నీలాల మధ్య నీలం కోటు కలిసిపోయేది. ఎర్ర శాలువ మైలు దూరం నుంచి కనిపిస్తుంది.

సొరంగంలో సగం దూరం వెళ్ళాక అమ్మ అడిగింది. "ఒరేయ్, మీ నాన్నగారు నిలబడ్డది మన నెత్తి మీదేనా?"

కనుమ సరిగ్గా నెత్తిన కాదు, కాస్త పక్కకు ఉంటుంది. కాని ఆ మాట ఆవిడకు చెప్పవలసిన అవసరం కనిపించలేదు. "ఇంచుమించు అక్కడేనమ్మా" అన్నాను. అమ్మ చేతిసంచిలోంచి కవరు తీసి, దానిలోని ఫోటో ఒకసారి చూసుకుని లోపల పెట్టేసింది. దాన్ని వెంట తెచ్చిందని అప్పటిదాకా మా ఎవరికీ తెలియదు. డ్రైవరు ఏమనుకున్నాడో, పాట ఆపేశాడు.

అవతలి గుమ్మం దాటగానే మాటలు ఆగిపోయాయి. వెలుతురు పైనుంచే కాదు, కింద నుంచి, పక్క నుంచి, ఎదుటి కొండ నుంచి మీదపడింది. చంద్రానది సన్నగా, నల్లగా మంచు మధ్యలో పారుతోంది. ముందుకు వెళ్ళి తాండి దగ్గర అది భాగానదిని కలుస్తుంది. అదే మన జాగ్రఫీ పుస్తకాల్లోని చీనాబు. నాన్నగారు పటంలో ఈ నది గీసేటప్పుడు, "రెండు పాయలు కలిసి ఒకటి, మరిచిపోకండి" అనేవారు. సిస్సూ అనే ఊరి దగ్గర దిగాము. ఎత్తు మూడు వేల మీటర్లకు కొంచెం పైన. ఎదుటి కొండ మీద జలపాతం గడ్డకట్టి తెల్లటి జడలా వేలాడుతోంది.

డ్రైవరు అందరికీ మొట్టమొదట నల్లకళ్ళద్దాలు పెట్టించాడు. ఇది షోకు కాదు. ఎత్తుకు వెళ్ళే కొద్దీ ఎండలో అతినీల కిరణాల బలం పెరుగుతుంది. ఆ పైన మంచు వాటిని తిరిగి ముఖాన కొడుతుంది. రక్షణ లేకుండా గంటల తరబడి తిరిగితే ఆ సాయంత్రానికి కళ్ళల్లో ఇసుక పోసినట్టు మంటలు పుట్టి చూపు మూసుకుపోతుంది. గడ్డం కింద, ముక్కుపుటాల లోపల కూడా ఎండ కాలుస్తుంది. మా అబ్బాయి నవ్వాడు గాని రాత్రికి వాడి గడ్డం కింద ఎర్రగా కమిలింది.

టైము పదిన్నర. ఇంకా ఎండ వాలుగానే ఉంది. మంచు ఫోటోకు పొద్దుటి వేళ, సాయంత్రపు వేళే వేళ. వాలు ఎండలో ప్రతి అడుగుజాడకూ, ప్రతి అలకూ చిన్న నీడ పడుతుంది. ఆ నీడ ఉంటేనే మంచు మంచులా ఉంటుంది. మిట్టమధ్యాహ్నం తీస్తే ముగ్గుపిండి ఆరబోసినట్టు ఉంటుంది. పోలరైజరు ఫిల్టరు కూడా తీసుకువెళ్ళాను. ఒక ఫోటో తీసి చూస్తే ఆకాశం ఇంకుసీసా ఒలికినట్టు నల్లనీలంగా వచ్చింది. ఆ ఎత్తున ఆకాశం ముందే ముదురునీలం, దానికి మళ్ళీ మెరుగు పెట్టవలసిన పనిలేదు. తీసి జేబులో వేసుకున్నాను. డబ్బులు దండగ అని మా శ్రీమతి అననైతే అనలేదు, చూసింది.

ఇక అసలు పని. అమ్మను ఎలా నిలబెట్టాలి? వెనక మంచుకొండ ఉండాలి, అది నా పట్టుదల. ఎండను ఎదురుగా పెడితే కళ్ళు చికిలిస్తుంది. సూర్యుణ్ణి ఆవిడ భుజానికి పక్కగా, కొంచెం వెనకగా పెట్టాను. 1989లో నేను చేసిందీ దాదాపు అదే. తప్పు అక్కడ లేదు. నేల మీద మంచు ఉందే, అది పెద్ద అద్దం. కింద నుంచి ముఖం మీదికి మెత్తటి వెలుతురు విసురుతుంది. గడ్డం కింద, కళ్ళ గుంటల్లో నీడ లేకుండా చేస్తుంది. ఊళ్ళో స్టూడియోవాడు తెల్లగొడుగులు పెట్టి చేసే పని అక్కడ నేల చేస్తుంది. ఆ వెలుతురును కెమేరా చేత ఒప్పించడమే మన పని.

అంతా సిద్ధం చేసి చూద్దును గదా, అమ్మ కళ్ళు లేవు! ఆవిడవి ఎండకు రంగు మారే కళ్ళద్దాలు. మా ఊళ్ళో లేత గోధుమరంగుకు తిరిగేవి, ఇక్కడ కాటుక పూసినట్టయ్యాయి. అతినీల కిరణాలకు అవి నల్లబడతాయి, చలిలో ఇంకా నల్లబడతాయి. రెండూ ఇక్కడ దండిగా ఉన్నాయి. నాన్నగారికి పూసిన నలుపునే అమ్మకు పూయడానికి ఇంతదూరం వచ్చానా అనిపించింది.

"తీసెయ్యమ్మా" అన్నాను.

"తీస్తే నువ్వెక్కడున్నావో నాకు తెలియదు. అద్దాలు లేని నా మొహం నేనే గుర్తుపట్టను. అట్లా వద్దు."

దారి చూపింది మా శ్రీమతి. చలికి కెమేరా బ్యాటరీలు త్వరగా నీరసిస్తాయని చదివి, రెండు బ్యాటరీలు లోపలి బనీను జేబులో వెచ్చగా దాచుకున్నాను. "అత్తయ్యగారి అద్దాలు కూడా అందులో వేసుకోండి. చీకటిగానూ ఉంటుంది, వెచ్చగానూ ఉంటుంది" అంది. అమ్మను డాబా వాళ్ళ రేకుల వసారా నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టాము. అయిదారు నిమిషాలకు జేబులోంచి తీస్తే అద్దాలు నీళ్ళలా తేటపడి ఉన్నాయి. కాని ఎండలోకి తెస్తే అర నిమిషంలో మళ్ళీ ముదురుతాయి. అంటే వ్యవధి అంతే.

ముందే లెక్క కుదుర్చుకున్నాను. నా అరచేతిని అమ్మ ముఖం ఉండబోయే చోట, అదే వెలుతురులో పట్టుకుని, కెమేరాతో దానిని కొలిచి, ఒక మెట్టు కలిపాను. అరచెయ్యి మధ్యరకం బూడిదకన్నా కాస్త తేట, అందుకని ఆ మెట్టు. వేగం సెకనులో 250వ వంతు, లెన్సు ఎఫ్ 8 దగ్గర నిలిపి, కెమేరా తన ఇష్టం వచ్చినట్టు మార్చకుండా కట్టేశాను. తరువాత అందరం తలా ఒక పని తీసుకున్నాము. అబ్బాయి నాయనమ్మను నడిపించుకొచ్చి నిలబెట్టాడు. మా శ్రీమతి అద్దాలు తెచ్చి కళ్ళకు పెట్టి పక్కకు తప్పుకుంది. డ్రైవరు, "మాతాజీ, ఇధర్ దేఖియే" అని నా వెనక నిలబడి రెండు చేతులూ ఊపాడు. అమ్మ నవ్వింది. మూడు తీశాను. ఒకటి లెక్క ప్రకారం, ఒకటి దానికి పైన, ఒకటి కెమేరా చెప్పినట్టు. మూడోది తీయకపోయినా ఫరవాలేదు. కాని ఎందుకో తీశాను.

డాబాలో రాజ్మా, అన్నం తిన్నాము. లోపల పొయ్యి మండుతోంది. అబ్బాయి చలిలోంచి తెచ్చిన ఫోనును బల్ల మీద పెట్టగానే దాని అద్దం ఆవిరి పట్టి మసకబారింది. చల్లటి వస్తువును వెచ్చటి గదిలోకి తెస్తే గాలిలోని తేమ దాని మీద నీరవుతుంది. లెన్సు లోపల పడితే ఆరడం కష్టం. నేను కెమేరాను బయటే ప్లాస్టిక్ కవరులో వేసి మూతి గట్టిగా ముడి వేశాను. నీరు కవరు మీద పడుతుంది, కెమేరా లోపల పొడిగా ఉంటుంది. దాని వేడి గది వేడికి సమానమయ్యేదాకా ముడి విప్పకూడదు. విప్పమని ఇంటిల్లిపాదీ పోరుపెట్టారు. నేను కదలలేదు. జీవితంలో ఇంత నిగ్రహం చూపిన సందర్భం నాకు మరొకటి గుర్తులేదు.

గంట తరువాత చూసుకున్నాము. కెమేరా చెప్పినట్టు తీసినదానిలో మంచు విభూది రంగు, అమ్మ ముఖం చీకటి. అబ్బాయి దాన్ని చూసి ఏదో అనబోయి ఆగాడు. ఎక్కువ పెంచినదానిలో ముఖం పండులా ఉంది గాని, వెనక కొండ మాయమైంది. అమ్మ దాన్ని చూసి, "నేను బాగానే ఉన్నాను, కొండేదిరా?" అంది. లెక్క ప్రకారం తీసినది చూపించాను. మంచు తెల్లగా ఉంది. ఎండ నేరుగా పడ్డ ఒక వాలు మాత్రం పాలు పొంగినట్టు వెలిసిపోయింది. పోతే పోయింది. ఎర్ర శాలువ, తేట అద్దాల వెనక రెండు కళ్ళు, నుదుటి మీద ముడతలు, ముందుపళ్ళ మధ్య సందు, అన్నీ ఉన్నాయి. అమ్మ చాలాసేపు చూసింది. నాన్నగారిలాగే చూసింది.

బయలుదేరబోతుంటే, "ఇంతకూ వీటిలో నువ్వెక్కడా లేవేమిరా? నువ్వు అక్కడ నిలబడు, నేను తీస్తాను" అంది. కెమేరా ఎప్పుడూ పట్టుకున్న మనిషి కాదు. మెడలో వేసి, ఏది నొక్కాలో చూపించాను. అంకెలు నేను కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. చలికి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. అమ్మ ఊపిరి బిగబట్టి నొక్కింది.

తెనాలి వచ్చాక ప్రింట్లు వేయించాము. అమ్మ తీసినదానిలో మంచు మల్లెపువ్వులా ఉంది, ఆకాశం నీలంగా ఉంది, నేను కాలిజోళ్ళ దగ్గర నుంచి మెడ దాకా స్పష్టంగా ఉన్నాను. తల పూర్తిగా ఎగిరిపోయింది. మా శ్రీమతి నవ్వాపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది. అమ్మ మాత్రం దాన్ని తీసుకుని, పెట్టెలోని పాత ఫోటో పక్కన పెట్టి, నా ఎడమ భుజం మీద వేలు పెట్టింది.

"వాలింది చూడు" అంది.